సార్థకాంకములు – మన వాన లెక్క



అనంతపురపు మెట్టపొలములలో వాన కురిసిన మఱునాడు రైతు మన్ను త్రవ్వి, పదును ఎంత లోతు దిగినదో చూచుకొనును. వర్షమాపకమును చూచువారు అదే వానను ఉదయము 8.30 గంటలకు మిల్లీమీటర్లలో కొలిచి వ్రాయుదురు. ఇద్దఱి మాటయు సత్యమే. అయితే ఏ కొలతను ఎంతవఱకు నమ్మవలెనో తెలియవలయును. కొలతలో నిశ్చయముగా తెలిసిన అంకెలును, వాని తరువాత అంచనాగా చదివిన ఒక్క అంకెయు కలిసి సార్థకాంకము లనబడును.

20.0 మి.మీ. అను కొలతలో సార్థకాంకములు మూడు. కడపటి సున్న వ్యర్థము కాదు. పదవ వంతును కూడ చూచితిమని అది సాక్ష్యమిచ్చును. 0.5 మి.మీ.లోని సున్న స్థానమును చూపుటకు మాత్రమే. దానిని 0.0005 మీటరని వ్రాసినను సార్థకాంకము ఒక్కటే. పూర్ణాంకము చివరి సున్న సందేహము పుట్టించును. ఈ ప్రాంతపు సగటు వార్షిక వర్షము సుమారు 550 మి.మీ. అందురు. అందు సార్థకాంకములు రెండా, మూడా? 5.5 × 10² అని వ్రాసిన రెండు, 5.50 × 10² అని వ్రాసిన మూడు.

ఒక ఎకరము 4,047 చదరపు మీటర్లు. దానిపై 20 మి.మీ. వాన కురిసిన, గుణించగా 80,940 లీటర్లు వచ్చును. కాని 20 అనగా 19.5కును 20.5కును నడుమ నేదైన కావచ్చును. నీరు 78,900 లీటర్లు కావచ్చును, 83,000 లీటర్లు కావచ్చును. కావున 81,000 అని చెప్పుటయే న్యాయము. గుణకారమున తక్కువ సార్థకాంకములు గల కొలతయే ఫలమునకు హద్దు.

లెక్కించి తెలిసికొన్న పూర్ణాంకమునకు ఈ హద్దు లేదు. మూడేండ్ల వర్షము 512.4, 438.7, 601.2 మి.మీ. అనుకొందము. మొత్తము 1552.3, సగటు 517.4. ఇందలి 3 కొలత కాదు, లెక్క. అందు సందేహమేమియు లేదు.

అయినను లెక్కయు కొలతపై నిలుచుట కలదు. 2.5 మి.మీ. గాని అంతకు మించి గాని కురిసిన దినమునే వాతావరణ శాఖ వారు వర్షదినముగా నెంచుదురు. 2.4ను 2.5గా దిద్దినచో, లేని వర్షదినము పుట్టును. చూడని దినమున 0.0 అని వ్రాసినచో, తెలియని దినము ఎండిన దినమగును. చూడనిచో గడిని ఖాళీగా విడువవలెను.

కరవును గుర్తించుటకు ఇట్టి పట్టికలనే చూతురు. కావున మా విద్యార్థులు తాము చూచిన అంకెనే వ్రాయుదురు గాక. చూడని అంకెను ఒక్కటియు చేర్చకుందురు గాక.