ఎర్రబడని కంటిలో వాపు

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టపల్లెలు మిరప ఘాటుతో నిండియుండును. కల్లములలో ఎండబోసిన కాయలను తిరుగవేయు వేళ కన్ను మండుట, నీరు కారుట, ఎర్రబడుట ఈ సీమలో పసిపిల్లలకు సైతము అనుభవమే. కావుననే ఇచటివారికి కంటిజబ్బు అనగా ఎర్రని కన్ను అనియే భావము. కన్ను తెల్లగా ఉన్నంతకాలము భయము లేదని తలంతురు. కాని ఎరుపుగాని, మంటగాని, నొప్పిగాని లేకుండ పసివారి చూపును హరించు వాపు ఒకటి కలదు. దాని జాడ తరచుగా ముందు తెలియునది కంటిలో కాదు, మోకాలిలో!

మూడేండ్ల బాలిక యొకతె నిద్రలేచి కాలీడ్చుచు నడచుచుండుననుకొందము. మోకాలు ఉబ్బియుండును. ప్రొద్దెక్కినకొలది నడక కొంత సరియగును. "పత్తిచేలో ఎక్కడో పడి ఉంటుందిలే" అని నాయనమ్మ ఆముదము రాయును. కీళ్లవాతము ముసలివారి జబ్బని లోకుల నమ్మకము. అది సరికాదు. పదునారేండ్లు నిండని పిల్లలలో, వేరు కారణమేదియు కానరాక, కీలువాపు ఆరు వారములైనను తగ్గనిచో వైద్యులు దానిని బాలల కీళ్లవాతముగా గుర్తింతురు. 1897లో లండను వైద్యుడు జార్జి ఫ్రెడరిక్ స్టిల్ 22 మంది పిల్లలను పరిశీలించి ఈ వ్యాధిని విపులముగా వర్ణించెను.

సూక్ష్మజీవులనుండి శరీరమును కాపాడవలసిన రక్షణ వ్యవస్థ, పొరబడి సొంత కీళ్ల పొరలపైననే తిరుగబడుట ఈ వ్యాధి స్వభావము. కొందరిలో ఆ తిరుగుబాటు కంటిలోని యూవియా అను పొరకును ప్రాకును. లాటిను భాషలో 'యూవా' అనగా ద్రాక్ష. పైపొర ఒలిచి చూచినచో ద్రాక్షపండువలె కనబడుటచే ఆ పేరు వచ్చినది. కంటిపాప చుట్టునుండు రంగుతెర, అనగా ఐరిస్, ఈ పొరకు ముందుభాగము. వాపు సాధారణముగా అచటనే మొదలగును.

కీళ్లవాతము గల పిల్లలలో సుమారు పదిమందికి ఒకరికి, కొన్ని దేశములలో ఇద్దరికి వరకు, ఈ కంటివాపు వచ్చుచున్నది. ఏడేండ్లలోపు జబ్బు మొదలై, నాలుగు కీళ్లకు మించకుండ పట్టి, రక్తపరీక్షలో యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ కనబడిన పిల్లలకు, అందును బాలికలకు, ప్రమాదము హెచ్చు. చాలమందిలో కీలువాపు మొదలైన నాలుగేండ్లలోపుననే ఇది వచ్చును. మోకాలు నయమైనంత మాత్రమున కన్నును నయమైనదనుకొనరాదు. కీళ్లు పూర్తిగా శాంతించిన దినములలోనే కంటిలో వాపు రగులుట కలదు.

ఇట్లు వాచిన ఐరిస్ వెనుకనున్న కటకమునకు అంటుకొనును. అప్పుడు గుండ్రని కంటిపాప అంచు వంకరలు పోవును. కంటి ముందరి స్వచ్ఛమైన పొరపై సున్నపు పట్టీ ఏర్పడును. శుక్లము వచ్చును, కంటిలోని పీడనము పెరిగి నీటికాసులు కలుగును. చిన్నబిడ్డకు నిండుచూపు ఎట్లుండునో తెలియదు గనుక, తగ్గినదని చెప్పజాలదు. ఒక కన్ను మసకబారినను రెండవ కంటితో ఆడుకొనుచునే యుండును.

మరి దీనిని కనుగొను మార్గమేది? పత్తిమిల్లులో కిటికీ సందునుండి ఎండకిరణము పడినప్పుడు, అంతవరకు కనబడని దూదినలుసులు అందులో మెరయుచు తేలాడును. దీనినే శాస్త్రజ్ఞులు టిండాల్ ఫలితమందురు. స్లిట్ లాంపు అను పరికరము చేయు పనియు ఇదియే. సన్నని వెలుగు చీలికను కంటిలోనికి పంపి, సూక్ష్మదర్శినితో చూతురు. ఆరోగ్యముగా ఉన్న కంటి ముందుగదిలోని నీరు నిర్మలముగా చీకటిగా తోచును. వాపున్నచో తెల్లరక్తకణములు నలుసులవలె తేలుచు కనబడును. ఈ పరికరమును 1911లో ప్రదర్శించిన స్వీడను శాస్త్రజ్ఞుడు ఆల్వర్ గుల్‌స్ట్రాండ్, కంటి దృశాశాస్త్రములో చేసిన కృషికి ఆ యేడే నోబెల్ బహుమానము పొందెను.

చికిత్స స్టెరాయిడు చుక్కలతో మొదలగును. ఇవి దీర్ఘకాలము వాడిన తామే శుక్లమును, నీటికాసులను తెచ్చును గనుక, వైద్యుని కనుసన్నలలోనే వాడవలెను. వాపు లొంగనిచో మెథోట్రెక్సేట్ ఇత్తురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయములో ఫోలిక్ ఆమ్లముపై జరిగిన కృషినుండి పుట్టిన మందు ఇది. ఇది వారమునకు ఒకసారి మాత్రమే తీసికొనవలసినది. పొరబాటున దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. 2017లో ప్రచురితమైన బ్రిటిషు పరిశోధన ఒకటి 90 మంది పిల్లలపై జరిగినది. మెథోట్రెక్సేట్ మాత్రమే వాడినవారిలో నూటికి 60 మందికి చికిత్స విఫలము కాగా, దానికి అడాలిముమాబ్ అను ఇంజెక్షను చేర్చినవారిలో 27 మందికే విఫలమైనది.

ఇంత చికిత్సయున్నను, వాపును కనిపెట్టనిచో ఫలమేమి? కావున కీళ్లవాతమని తేలిన వెంటనే బిడ్డ కన్నులను స్లిట్ లాంపుతో చూపింపవలెను. ప్రమాదము హెచ్చుగా ఉన్నవారికి పిదప మూడు నెలలకొకమారు, ఇతరులకు వైద్యుడు చెప్పిన గడువున పరీక్ష జరుగవలెను. మందు ఆపిన తరువాత సైతము ఈ పరీక్షలు మానరాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోను, పెదకాకాని శంకర కంటి ఆసుపత్రిలోను, హైదరాబాదున 1987లో స్థాపితమైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలోను నేత్రవైద్యులు కలరు.

పత్తితీతల నాడు, మిరపకోతల నాడు ఒక దినపు కూలి వదలుకొని, బాగున్నట్లే తోచు కంటిని చూపించుటకు బస్సెక్కుట తల్లికి సులభము కాదు. ఈమారు మానుదమనిపించును. కాని కన్ను బాగున్నదో లేదో ఇంటనుండి చూచి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. మిరప ఘాటుకు ఎర్రబడిన కన్ను కడిగిన తేరుకొనును. తెల్లగా ఉండియే లోలోన చెడు కంటికి మూడు నెలలకొకమారు చేయు ఆ పరీక్షయే కాపుదల.