రీల్స్‌లో కనిపించే ‘పౌడర్ మెజర్’ ఏంటి? ఏది మంచిది? మన దగ్గర వాడొచ్చా?

బంటుమిల్లి: గ్యారేజీలో ఓ టేబుల్. దాని మీద హ్యాండిల్ ఉన్న చిన్న మెషీన్, పైన పారదర్శకమైన గొట్టం. హ్యాండిల్ ఒకసారి కిందకి లాగితే ఖాళీ తూటా తొడుగులో లెక్కగా మందు పడుతుంది. అమెరికా నుంచి వచ్చే ఇలాంటి వీడియోలు మన ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. వాడేసిన తూటాను ఇంట్లోనే మళ్లీ నింపుకోవడాన్ని అక్కడ ‘రీలోడింగ్’ అంటారు. ఆ మెషీన్ పేరు పౌడర్ మెజర్. అది ఎలా పనిచేస్తుంది? ఎవరు వాడొచ్చు? ఎవరు ముట్టుకోకూడదు? చూద్దాం.

ఇది తూకం కాదు.. కొలత!

మన ఊళ్లలో పెద్దవాళ్లకి కుంచం, మానిక, తవ్వ, సోల బాగా తెలుసు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. కానీ అదే మానికలో బియ్యం అదిమి పోస్తే ఒక బరువు, వదులుగా పోస్తే ఇంకో బరువు. పౌడర్ మెజర్ చేసేదీ సరిగ్గా ఇదే. అది మందును తూచదు, చోటును బట్టి కొలుస్తుంది. అసలు జాగ్రత్త మొత్తం ఇక్కడే ఉంది.

బియ్యం నాలుగు గింజలు అటూ ఇటూ అయితే పోయేదేం లేదు. తూటాలో మందుకు ‘గ్రెయిన్’ లెక్క. ఒక గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. రీలోడింగ్ చేసేవాళ్లు గ్రెయిన్‌లో పదో వంతు తేడాని కూడా పట్టించుకుంటారు. మందు ఎక్కువైతే తుపాకీ పేలి చెయ్యి, కన్ను పోవచ్చు. అసలు పడకపోతే బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా రెండోసారి కాలిస్తే గొట్టమే పగిలిపోవచ్చు.

ఎన్ని రకాలున్నాయి?

* గరిటెలు: ఒక్కో సైజుకి ఒక్కో చిన్న గరిటె. చవక. కానీ ముంచే చేతిని బట్టి కొలత మారుతుంది.
* డ్రమ్ము రకం: హ్యాండిల్ తిప్పితే లోపలి గుంత నిండి, కిందకి ఒలుకుతుంది. గుంత సైజు మార్చుకోవచ్చు. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.
* స్లైడ్ రకం: ఫిక్స్‌డ్ సైజు రంధ్రం ఉన్న పట్టీ అటూ ఇటూ జరుగుతుంది. ఒకే రకం తూటాలు ఎక్కువగా నింపేవాళ్లకి బాగుంటుంది.
* ఎలక్ట్రానిక్ రకం: కొద్దికొద్దిగా పోస్తూ తనే తూచి ఆపేస్తుంది. ఖరీదు ఎక్కువ, స్పీడు తక్కువ.

ఎలా ఎంచుకుంటారు?

ముందు చూసేది మందు ఆకారం. గుండ్రటి రేణువులు నీళ్లలా జారతాయి, డ్రమ్ములో కొలత బాగా వస్తుంది. పుల్లల్లా ఉండే మందు డ్రమ్ము అంచున ఇరుక్కుని తెగుతుంది, కొలత మారుతుంది. అందుకే రైఫిల్ షూటర్లు కొంచెం తక్కువ పోసి, మిగతాది తూకం మీద చూస్తూ చిటికెడు చిటికెడుగా కలుపుతారు. బ్లాక్ పౌడర్ చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది కాబట్టి దానికోసమే తయారైన మెజర్ మాత్రమే వాడాలి.

రెండోది, గొట్టం లోపల అడ్డు పలక ఉందో లేదో చూస్తారు. గొట్టంలో మందు తగ్గేకొద్దీ పైనుంచి పడే బరువు మారకుండా అది ఆపుతుంది. మూడోది, ఏ మెజర్ కొన్నా పక్కన మంచి తూకం ఉండాల్సిందే. మొదట పడిన కొన్నింటిని తిరిగి గొట్టంలో పోసేసి, ఆ తర్వాతి వాటిని తూచి చూస్తారు. మధ్యమధ్యలో మళ్లీ తూస్తారు. టేబుల్ మీద ఒక్క రకం మందు డబ్బానే ఉంచుతారు. ఒకే తొడుగులో పొరపాటున రెండుసార్లు పడిందేమోనని లైటు వేసి ప్రతిదాంట్లోకీ చూస్తారు.

మరి మన దగ్గర?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆయుధాల చట్టం 1959లోని సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయకూడదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష కనీసం 7 ఏళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం, పైగా జరిమానా.

‘మాకు తుపాకీ లైసెన్స్ ఉంది కదా’ అంటే కుదరదు. తుపాకీ ఉంచుకునే లైసెన్స్ వేరు, తూటా తయారు చేసే లైసెన్స్ వేరు. ‘మెషీన్ ఒక్కటే తెప్పించుకున్నా’ అన్నా చిక్కే. చట్టం దృష్టిలో ‘అమ్యూనిషన్’ అంటే తూటా ఒక్కటే కాదు, దాని భాగాలు, దాన్ని తయారు చేసే యంత్రాలు కూడా. బయటి దేశం నుంచి తెప్పించడానికీ లైసెన్స్ కావాలి. ఇక మందు సంగతికొస్తే 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కూడా ఉంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలకి?

బంటుమిల్లి, గుడివాడ, బందరు వైపు చాలా ఇళ్లలో పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సొంతానికి తూటా నింపుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. కానీ ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ వీసా నిషేధం వర్తించదు. ఫ్రెండ్ గ్యారేజీలో సరదాగా హ్యాండిల్ లాగే ముందు వీసా ఏంటో గుర్తు చేసుకోవాలి. ఈసారి వీడియో కాల్‌లో ఈ మాట ఒకసారి చెవిన వేయండి.

షూటింగ్ మీద నిజంగా ఇష్టం ఉంటే మందుతో పనిలేని దారి ఉంది. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అందులో పెల్లెట్‌ని తోసేది గాలే, మందు కాదు. అది కూడా ఇంటి డాబా మీద కాదు, కోచ్ ఉన్న రేంజ్‌లో నేర్చుకోవాలి.