విశ్వవిద్యాలయములందలి విద్యాపరిషత్తు

విశ్వవిద్యాలయమున ధనము, ఆస్తి, ఉద్యోగనియామకములు మున్నగువానిఁ జూచునది కార్యనిర్వాహకసభ. ఏయే విషయములు బోధింపవలెను, ఎట్టివారిని జేర్చుకొనవలెను, ఎట్లు పరీక్షించి పట్టము లొసఁగవలెను అనునది నిర్ణయించునది విద్యాపరిషత్తు. దీనినే అకాడెమిక్ కౌన్సిలని వ్యవహరింతురు. ఈ రెండును వేఱుగా నుండుటకుఁ గారణము గలదు.

1857వ సంవత్సరమున మదరాసు విశ్వవిద్యాలయము, లండను విశ్వవిద్యాలయము ననుసరించి, పరీక్షలు జరుపుటకై స్థాపింపఁబడెను. బోధకులు ప్రధానముగాఁ గల విద్యాపరిషత్తు దానికిఁ జిరకాలము లేకుండెను. 1913 ప్రాంతమునఁ బరీక్షలలోని తెలుఁగు వ్యాసములు గ్రాంథికముననే యుండవలెనా, వ్యావహారికమునను నుండవచ్చునా యను వివాదము ప్రబలెను. గిడుగు రామమూర్తి పంతులుగారును, జయంతి రామయ్య పంతులుగారును ఆ సంవత్సరముననే తమతమ పక్షములను సమర్థించుచు నాంగ్లమునఁ బుస్తకములు ప్రకటించిరి. ఇట్టి ప్రశ్నను విచారించుటకుఁ దాత్కాలికమైన యుపసంఘమే శరణ మయ్యెను.

శాడ్లరుగారి యాధ్వర్యవమున 1917లో నేర్పడిన కలకత్తా విశ్వవిద్యాలయ విచారణసంఘము 1919లో నివేదిక నొసఁగి, విద్యావిషయములకుఁ బ్రత్యేకపరిషత్తు వలయునని సూచించెను. 1923 నాఁటి చట్టముచే మదరాసునకును నట్టి పరిషత్తు గలిగెను. ఆంధ్రప్రదేశమున 1991 నాఁటి చట్టము దీనికి అకాడెమిక్ సెనేటను పేరిడెను.

సామాన్యముగాఁ బరిషత్తునకు వైస్‌చాన్సలరు అధ్యక్షుఁడు. విద్యాశాఖల యధిపతులు, ఆచార్యులు, కళాశాలల ప్రధానాచార్యులు పదవిని బట్టి సభ్యు లగుదురు. ఎన్నికచేతనో నియామకముచేతనో మఱికొందఱు బోధకులును, బయటి విద్వాంసులును జేరుదురు. ఒక్కొక్క విషయమునకుఁ గల పాఠ్యనిర్ణయసంఘము ప్రణాళికను రచింపఁగా, శాఖాసభ పరిశీలించి పరిషత్తునకుఁ బంపును.

పరిషత్తునకు ధనాధికారము లేదు. కావునఁ గార్యనిర్వాహకసభ దాని నిర్ణయములను మార్పఁగలదా యను సందేహము కలుగును. 1922 నాఁటి ఢిల్లీ విశ్వవిద్యాలయ చట్టము దీనికిఁ జక్కని సమాధాన మొసఁగినది. ప్రవేశము, పాఠ్యక్రమము మున్నగు విషయములఁ బరిషత్తు ప్రతిపాదింపక నిబంధనము పుట్టరాదు. ప్రతిపాదించినదానిని గార్యనిర్వాహకసభ నిరాకరింపవచ్చును, పునర్విచారణకుఁ ద్రిప్పిపంపవచ్చును, కాని తాను సవరింపరాదు.

అనఁగా ధనము లేదని చెప్పు నధికార మొకరిది. ఏది విద్యయో చెప్పు నధికారము వేఱొకరిది. పరిషత్తున్నంత మాత్రమునఁ బండితుల వివాదములు సమసిపోవు. కాని బోధింపవలసినవారి యెదుటనే యవి విమర్శింపఁబడును. తమ సభలో మాటాడుటకు బోధకులు వెనుదీయుదురేని, చట్టము కల్పించిన యీ రక్షణము నిష్ఫలము.