కాలేజీ లైబ్రరీని వాడుకుందాం



మేము ఈ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివిన రోజుల్లో మా గదిలో ఆరుగురం. ఆరుగురి ఇళ్లలోనూ మాకంటే ముందు కాలేజీ గుమ్మం తొక్కినవారు లేరు. ట్రంకు పెట్టెల్లో బట్టలు, కంచం, గ్లాసు, నోటుపుస్తకాలు తప్ప కొన్న పుస్తకం ఒక్కటీ లేదు. కాలేజీలో లైబ్రరీ ఉందని తెలుసు. కానీ అది లెక్చరర్లకూ, ఇంగ్లీషు బాగా వచ్చినవారికీ అనుకుని మొదటి మూడు నెలలు అటు పోనేలేదు. పుస్తకం పోతే డబ్బు కట్టాలనే భయం కూడా ఉండేది. ఆ మూడు నెలలు మీకు వృథా కాకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు కార్డు తీసుకోండి

కాలేజీలో చేరిన వారంలోనే లైబ్రరీ కార్డు తీసుకోండి. ఎన్ని పుస్తకాలు ఇస్తారు, ఎన్ని రోజులు ఉంచుకోవచ్చు, ఆలస్యమైతే ఫైన్ ఎంత అన్నది ఒక్కో కాలేజీలో ఒక్కో రకంగా ఉంటుంది. అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. ‘బుక్ బ్యాంక్ ఉందా సార్?’ అని కూడా అడగండి. అది ఉన్నచోట పాఠ్యపుస్తకాలు ఎక్కువ కాలం మన దగ్గర ఉంచుకోవచ్చు. అడగనివారికి ఈ సంగతి తెలియకుండానే సంవత్సరం గడిచిపోతుంది.

పుస్తకం మీది నంబరు

పుస్తకం వీపు మీద అంటించిన నంబరు చూసి మేము మొదట ధర అనుకున్నాం. అది ఆ పుస్తకం ఇంటి నంబరు లాంటిది. అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ఈ పద్ధతిని ప్రచురించారు. ఇందులో అన్ని విషయాలనూ 000 నుంచి 999 వరకు పది తరగతులుగా పంచారు. రాజనీతి శాస్త్రం 320, అర్థశాస్త్రం 330, గణితం 510, భౌతికశాస్త్రం 530, రసాయనశాస్త్రం 540, భారతదేశ చరిత్ర 954, తెలుగు సాహిత్యం 894.827.

చుక్క తర్వాత అంకెలను ఒక్కొక్కటిగా చదవాలి. 330.15 ముందు వస్తుంది, 330.9 తర్వాత వస్తుంది. 15 పెద్దది కదా అని మేము తప్పు బీరువాలో వెతికి, పుస్తకం లేదనుకుని తిరిగి వచ్చేవాళ్లం. ఇంకో లాభం ఏమిటంటే, ఒకే విషయం మీది పుస్తకాలు పక్కపక్కనే ఉంటాయి. మీకు కావలసినది వేరేవాళ్లు తీసుకుపోతే, దాని కుడిఎడమల ఉన్నవి తీసి విషయసూచిక చూడండి. మీకు కావలసిన పాఠం వాటిలోనూ దొరకవచ్చు.

పుస్తకాలతో పాటు ఇంకేమున్నాయి?

తెలుగు మీడియం నుంచి వచ్చినవారు ముందుగా తెలుగు అకాడమీ పుస్తకాలు అడగండి. 1968లో ఏర్పడిన ఆ సంస్థ డిగ్రీ సబ్జెక్టులకు తెలుగులో పుస్తకాలు వేసింది. పాఠం మొదట తెలుగులో చదివి, తర్వాత అదే పాఠం ఇంగ్లీషులో చదివితే కొత్త మాటలు భయపెట్టవు. మేము పీజీ ప్రవేశ పరీక్షకు అలాగే చదివాం.

పాత ప్రశ్నపత్రాలు, దినపత్రికలు, పోటీపరీక్షల మాసపత్రికలు కూడా లైబ్రరీలో అడగండి. కంప్యూటరు ఉంటే, లేదా చేతిలో ఫోను ఉంటే, ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. మీ కాలేజీ ఎన్-లిస్ట్‌లో సభ్యత్వం తీసుకుని ఉంటే, ఆ పాస్‌వర్డు లైబ్రేరియన్ గారినే అడగాలి.

కార్యక్రమాలకు వెళ్లండి

ఆగస్టు 12న గ్రంథాలయ పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారి జయంతి జరుపుతారు. గణితం బోధించిన ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయ్యారు. 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాల్లో ఒకదాని సారం, చదువరి ప్రతి ఒక్కరికీ తనకు కావలసిన పుస్తకం అందాలని. అంటే లైబ్రరీలో అడగడం మన హక్కు. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ లాంటి పోటీలు ఉంటే పేరు ఇవ్వండి. మా గదిలో మాట పెగలని మిత్రుడు మొదటిసారి మైకు పట్టుకున్నది ఆ వారోత్సవాల్లోనే. బహుమతి రాలేదు. కానీ తర్వాత క్లాసులో సందేహం అడగడానికి అతను వెనకాడలేదు.

తడిసిన పుస్తకం

మాలో ఇంకొక మిత్రుడి పుస్తకం వానకు కిటికీ దగ్గర తడిసి ముద్దయింది. ఎవరికీ చెప్పకుండా ట్రంకు పెట్టె అడుగున దాచాడు. ఫైన్ పెరిగింది. లైబ్రేరియన్ గారు కనబడతారని కాలేజీకి పోవడం తగ్గించాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి, హాల్‌టికెట్‌కు నో డ్యూస్ కావాలన్నారు. ‘ఇంటికి పోయి పనిలో కలుస్తాను’ అని బ్యాగు సర్దుకున్న రోజున మాకు విషయం తెలిసింది. అయిదుగురం అతన్ని వెంటబెట్టుకుని లైబ్రరీకి వెళ్లాం. ఆ సార్ పుస్తకం చూసి, ‘ఇదే పుస్తకం ఇంకో కాపీ తెచ్చివ్వండి, పాతదైనా ఫరవాలేదు. వచ్చిన మొదటి రోజే చెప్పకపోయావా నాయనా?’ అన్నారు. హైదరాబాద్‌లో చదువుతున్న మా సీనియర్ అన్న ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం వెతికి పట్టుకున్నారు. మిత్రుడు పరీక్ష రాశాడు, పాసయ్యాడు.

తమ్ముళ్లూ, ఒక పుస్తకం కోసం ఒక డిగ్రీ ఆగిపోయేది. పుస్తకం తడిసినా, చిరిగినా, పోయినా ఆ రోజే వెళ్లి చెప్పండి. గడువు దాటకముందే రెన్యువల్ చేయించుకోండి. ఎన్ని పుస్తకాలు తెచ్చుకుంటే అన్నిటి గడువు తేదీలు మంచం పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి.

డాక్టర్ అంబేద్కర్ గారు 1920 తర్వాత లండన్‌లో చదివేటప్పుడు చేతిలో డబ్బు లేకపోయినా బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో పొద్దంతా కూర్చుని చదివారు. ఆయన ఫోటో మన హాస్టల్ గోడ మీద ఉంది. ఆ ఫోటోకు దండ వేసే మనం, మన కాలేజీ లైబ్రరీలో ఒక కుర్చీ ఖాళీగా వదిలేయడం న్యాయం కాదు.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. మీరు చదివేసిన పుస్తకాలు ఇంట్లో అటక మీద ఉంటే హాస్టల్‌కు తెచ్చివ్వండి. వచ్చే వార్షికోత్సవం నాటికి ప్రతి తమ్ముడి దగ్గరా లైబ్రరీ కార్డు ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాం.