కారు వెంట వెళ్లే ఛార్జర్: ఒక పెట్టె పుట్టుక, పనితనం

నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర కృష్ణానదిపై నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పాదం దగ్గరి ప్రధాన జలవిద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు ఉన్నాయి. ఈ ఏడూ రెండు వైపులా తిరగగలిగినవి. నీరు కిందికి దూకేటప్పుడు విద్యుత్తును ఇస్తాయి, దిగువన నీరు నిలిచి ఉండి గ్రిడ్‌లో కరెంటు మిగిలినప్పుడు అదే నీటిని తిరిగి జలాశయంలోకి తోడతాయి. కేంద్రం మొత్తం సామర్థ్యం 815.6 మెగావాట్లు కాగా, ఇంటి పవర్ ప్లగ్ నుంచి ఒక విద్యుత్ కారు తీసుకునేది 3.3 కిలోవాట్లు, అంటే అందులో సుమారు రెండున్నర లక్షల వంతు మాత్రమే. అయినా ఆనకట్ట దగ్గరి హిల్ కాలనీలోనో పైలాన్ కాలనీలోనో రాత్రి నిలిపిన కారు తెల్లవారేసరికి నిండుతుందా లేదా అన్నది గోడలోని సాకెట్, దాని వెనుక తీగ, ఆ తీగ చివర భూమిలో పాతిన కడ్డీ తేలుస్తాయి. ఈ మూడింటి శక్తికీ కారు అవసరానికీ పొత్తు కుదర్చడానికి తయారైన యంత్రమే ప్రయాణ ఛార్జర్.

హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా నాగార్జునసాగర్‌కు సుమారు 150 కిలోమీటర్లు. 2020 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్ కారు బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లది; కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్. పరీక్షా పరిస్థితుల్లో దానికి ధ్రువీకరించిన దూరం 312 కిలోమీటర్లే కాబట్టి, ఏసీ వేసుకుని, ఎండలో, ఎత్తుపల్లాల దారిలో నడిచే అలాంటి కారు రానుపోను ప్రయాణాన్ని ఒకే ఛార్జింగ్‌తో ముగిస్తుందని నమ్ముకోవడానికి వీల్లేదు. బ్యాటరీని 20 శాతం నుంచి 80 శాతానికి నింపాలంటే నష్టాలతో కలిపి దాదాపు 20 యూనిట్లు కావాలి. పది ఆంపియర్ల కరెంటు 230 వోల్టుల వద్ద గంటకు 2.3 యూనిట్లు ఇస్తుంది గనుక ఆ పనికి తొమ్మిది గంటలు, అంటే ఒక రాత్రి బస, సరిపోతుంది.

ఈ సౌకర్యం విద్యుత్ కార్లకు మొదటి నుంచీ లేదు. గాస్టన్ ప్లాంటే 1859లో సీసం-ఆమ్లం బ్యాటరీని రూపొందించగా, 1881లో కమిల్ ఫోర్ దాని పలకలను మెరుగుపరచడంతో బండ్లను నడపగల బ్యాటరీలు వచ్చాయి. అయితే బ్యాటరీలోకి ఎక్కించవలసింది ఒకే దిశలో పారే డీసీ కరెంటు కాగా, ఊళ్లకు క్రమంగా అందుతూ వచ్చింది దిశ మార్చుకుంటూ ఉండే ఏసీ కరెంటు. ఒకదాన్ని మరొకదానిగా మార్చే పరికరాన్ని రెక్టిఫయర్ అంటారు. పీటర్ కూపర్ హ్యూయిట్ 1902లో కనిపెట్టిన పాదరసపు రెక్టిఫయర్ ఆనాటి గ్యారేజీలలో ఆ పని చేసింది కానీ, గాజు బుడ్డితో కూడిన ఆ యంత్రాన్ని బండిలో వేసుకుని తిరగడం సాధ్యమయ్యేది కాదు. కారు ఎంత దూరం వెళ్లినా ఛార్జింగ్ కోసం దాని గ్యారేజీకే తిరిగి రావలసి వచ్చేది.

అర్ధవాహక పరికరాలు చిన్నవై, చవకై, రెక్టిఫయర్ కారులోపలికే చేరినప్పుడు ఆ కట్టు తెగింది. కారులో అమర్చిన ఈ భాగాన్ని ఆన్‌బోర్డ్ ఛార్జర్ అంటారు. ప్రయాణ ఛార్జర్ అని వాడుకలో పిలిచే పెట్టె నిజానికి బ్యాటరీని ఛార్జ్ చేయదు. ఏసీ కరెంటును భద్రంగా ఆన్‌బోర్డ్ ఛార్జర్ దాకా చేర్చడమే దాని పని. బెంగళూరులో తయారై 2001లో అమ్మకానికి వచ్చిన రేవా కారు ఈ మార్పును మన దేశపు రోడ్ల మీదికి తెచ్చింది. సీసం-ఆమ్లం బ్యాటరీలతో నడిచిన ఆ చిన్న కారుకు సాధారణ 15 ఆంపియర్ల సాకెట్, ఒక తీగ ఉంటే సరిపోయేది.

తీగ ఒక్కటే చాలనుకోవడంలో ఉన్న ప్రమాదం బ్యాటరీలు పెద్దవయ్యేకొద్దీ బయటపడింది. కారు గంటల తరబడి పూర్తి కరెంటు లాగుతుంది. వానలో, ఆరుబయట, తడి నేల మీద నిలబడి ఉంటుంది. దాని ఇనుప ఒంటిని ఎవరైనా తాకవచ్చు. అందుకే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61851 ఛార్జింగ్‌ను నాలుగు విధాలుగా వర్గీకరించింది. వట్టి తీగతో చేసేది మొదటి విధం, తీగ మధ్య రక్షణ పెట్టె ఉన్నది రెండో విధం, గోడకు బిగించిన ఛార్జర్‌తో చేసేది మూడో విధం, బయటి యంత్రం నుంచి నేరుగా డీసీ ఎక్కించేది నాలుగో విధం. రక్షణ ఉండీ సంచిలో పెట్టుకుని వెళ్లగలిగింది రెండోదే.

పెట్టెకూ కారుకూ మధ్య జరిగే సంభాషణకు అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ రూపొందించిన జె1772 ప్రమాణం ఆధారం. పైలట్ అనే సన్నని తీగ మీద పెట్టె మొదట 12 వోల్టులు ఉంచుతుంది. కనెక్టర్ కారులో దిగగానే కారులోని ఒక నిరోధకం ఆ వోల్టేజిని 9కి దించి తన రాకను తెలుపుతుంది. ఛార్జింగ్‌కు సిద్ధమయ్యాక 6కి దించుతుంది. అప్పుడు గానీ పెట్టెలోని రిలే, అంటే విద్యుత్తుతో కదిలే స్విచ్, మూసుకుని అసలు కరెంటును వదలదు. ఇదే తీగ మీద పెట్టె సెకనుకు వెయ్యిసార్లు స్పందనలను పంపుతుంది. ప్రతి స్పందన తన కాలంలో పదో వంతు వెలిగి ఉంటే కారు 6 ఆంపియర్లకు, ఆరో వంతు ఉంటే 10కి, నాలుగో వంతు ఉంటే 15 ఆంపియర్లకు మించి తీసుకోకూడదని అర్థం. ఇది పరిమితి మాత్రమే కాబట్టి కారు అంతకంటే తక్కువ తీసుకోవచ్చు. మన దేశంలో నేడు ఎక్కువ కార్లలో కనిపించే టైప్ 2 కనెక్టర్‌లో పైలట్ పిన్ను మిగతావాటికంటే పొట్టిది. కనెక్టర్‌ను లాగినప్పుడు ముందుగా అదే విడిపోవడంతో కరెంటు ఆగిన తరువాతే పెద్ద పిన్నులు వేరవుతాయి, మంట లేవదు.

కొన్ని పెట్టెల మీద ఈ పరిమితిని ఎంచుకునే మీట ఉంటుంది; అది అలంకారం కాదనడానికి చిన్న లెక్క చాలు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది, అంటే కరెంటు సగమైతే వేడి నాలుగో వంతు అవుతుంది. పాతబడి వదులైన సాకెట్ కొసలో నిరోధం 0.1 ఓమ్ ఉంటే 15 ఆంపియర్ల వద్ద ఆ చిన్న చోట 22.5 వాట్ల వేడి పుట్టి, రాత్రంతా నిలిచి, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. 6 ఆంపియర్ల వద్ద అదే 3.6 వాట్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో చేసిన 20 మీటర్ల ఎక్స్‌టెన్షన్‌లో కరెంటు పోయి రావడానికి 40 మీటర్ల తీగ, దాదాపు 0.3 ఓమ్ నిరోధం అడ్డుపడతాయి. పదిహేను ఆంపియర్లకు అక్కడ 4.5 వోల్టులు, సుమారు 67 వాట్లు వృథా అవుతాయి. చుట్ట విప్పి నేల మీద పరిస్తే ఈ వేడి గాలిలో కలిసిపోతుంది, చుట్టగానే ఉంచితే లోపలి పొరలు కరిగే దాకా పోగుపడుతుంది.

వేడికంటే దొంగచాటుగా వచ్చే ముప్పు కారు ఒంటిని భూమికి కలిపే ఎర్తింగ్ లేకపోవడం. ఆన్‌బోర్డ్ ఛార్జర్‌లో విద్యుత్ రొదను అణచడానికి పెట్టిన కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్త్ తీగలోకి వదులుతుంటాయి. ఆ తీగ తెగి ఉంటే కారు ఒంటిని తాకినవారికి జివ్వుమంటుంది. లోపల తీగ పాడైతే ప్రాణాపాయమే. అందుకే మంచి పెట్టె ముందుగా ఎర్త్‌ను పరీక్షించి, అది లేకపోతే ఎర్ర దీపం వెలిగించి మొరాయిస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో ఈ దీపానికి ప్రత్యేకమైన పని ఉంది. గ్రానైట్ రాయి మీద పలుచగా పరుచుకున్న ఎర్ర చెల్క నేల వేసవిలో తేమ కోల్పోయి విద్యుత్తుకు అడ్డుపడుతుంది కాబట్టి, బొగ్గు, ఉప్పు వేసి నింపిన ఎర్త్ గుంతలో నీళ్లు పోయడం మరిస్తే కడ్డీ ఉన్నా లేనట్టే. దీపాన్ని ఆర్పడానికి ప్లగ్‌లోనే న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేయడం కొందరు చెప్పే ఉపాయం. అది పెట్టెను మోసం చేయడమే. న్యూట్రల్ తీగ ఎక్కడ తెగినా కారు ఒళ్లంతా 230 వోల్టుల ఫేజ్‌కు ఎక్కుతుంది.

కాబట్టి ప్రయాణపు సంచిని ఈ తర్కంతోనే సర్దాలి. కరెంటును 6 నుంచి 15 ఆంపియర్ల మధ్య మార్చుకోగలిగిన, ప్లగ్‌లో వేడిని కొలిచే, 30 మిల్లీఆంపియర్ల లీకేజికే తెంచుకునే రక్షణ పెట్టె మొదటిది. సాకెట్‌లో ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ సరిగా ఉన్నాయో దీపాలతో చూపే చిన్న టెస్టర్ రెండోది. జోడింపులు లేని, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని మూడు తీగల ఎక్స్‌టెన్షన్ మూడోది. భారత్ ఏసీ-001 పేరుతో 2017లో వచ్చిన ప్రభుత్వ నిర్దేశంలోని పారిశ్రామిక సాకెట్‌కు సరిపోయే అడాప్టర్ నాలుగోది, తీగ లేకుండా టైప్ 2 సాకెట్ మాత్రమే ఉన్న ఛార్జింగ్ స్తంభాలకు రెండు కొసలూ ఉన్న టైప్ 2 కేబుల్ ఐదోది. ఆరు ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెద్ద ప్లగ్‌ను దూర్చే కన్వర్టర్‌కు, మల్టీప్లగ్‌కు ఈ సంచిలో చోటు లేదు.

విద్యుత్ వాహనాలను ఛార్జ్ చేయడం కరెంటు అమ్మకం కాదనీ, సేవ అనీ, దానికి లైసెన్సు అక్కరలేదనీ కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. చట్టం తలుపు తెరిచింది గనుక మిగిలింది బస ఇచ్చేవారి అనుమతి, వాడిన యూనిట్లకు చెల్లింపు, సాకెట్ యోగ్యత. కొత్త చోట మొదటి అరగంట 6 లేదా 8 ఆంపియర్లతో మొదలుపెట్టి, ప్లగ్ వెచ్చబడలేదని చూసుకున్నాకే పరిమితి పెంచాలి. ఎర్ర దీపం వెలిగితే ఆ సాకెట్‌ను వదిలి మరొకటి వెతుక్కోవాలి, ఇంటివారికి ఎర్త్ గుంత సంగతి చెప్పాలి.