కొలువులో మెలకువ

ఉద్యోగమున చేరుట ఒక యెత్తు. చేరినచోట పదిమంది మెప్పు పొంది నిలుచుట మఱియొక యెత్తు. నియామకపు ఉత్తరువు చేతికి వచ్చిననాడు బోధపడని ఈ సంగతి, ఉపాధ్యాయుల గదిలో ఆఱు నెలలు గడపిన పిమ్మట తెలియవచ్చును. పాఠము చక్కగా చెప్పువాడు ఒకడుండును. చక్కగా చెప్పుచున్నట్లు పెద్దలకు కనబడువాడు వేఱొకడుండును. పదోన్నతి వేళ రెండవవానికే ముందు పిలుపు వచ్చిన సందర్భములు లేకపోలేదు. అప్పుడు మొదటివాడు, "పని చేసిన చాలదా? చేసినట్లు కనబడవలెనా?" అని వగచును.

ఈ ప్రశ్న నేటిది కాదు. దీనికి సమాధానము వెదకువారు తిక్కన విరాటపర్వమును తెఱచి చూడవలెను. పదమూడవ శతాబ్దమున నెల్లూరి మనుమసిద్ధి కొలువులో మంత్రియై మెలగిన తిక్కన, నన్నయ విడిచిన భారతమును విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు తెనిగించెను. సేవాధర్మములు వ్యాసభారతమునను ఉన్నవే. కాని కొలువుకూటపు లోతుపాతులు కన్నులార చూచినవాని చేతిలో అవి పుస్తకపు నీతులుగాక అనుభవసారముగ మాఱినవి.

సందర్భము గమనింపదగినది. పండ్రెండేండ్ల వనవాసము ముగిసినది. అజ్ఞాతవాసము ముందున్నది. ఆజ్ఞాపించుటయే గాని ఆజ్ఞకు లోబడుట యెఱుగని పాండవులు ఇక ఒక యేడు పరుల కొలువు చేయవలెను. అందుచే పురోహితుడైన ధౌమ్యుడు వారికి కొలువు మర్యాదలు బోధించెను. తనకు తగిన చోటెఱిగి కూర్చుండవలెను. అడుగనిదే సలహా చెప్పరాదు. ఆవులింత, తుమ్ము, నవ్వు పదుగురి కంట పడనీయరాదు. ప్రభువు ఇంటికంటె సొగసైన ఇల్లు కట్టరాదు. లోపలి మాట వెలికి పొక్కనీయరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి: రాజుగారి కొలువున ఏనుగుతోనైనను, దోమతోనైనను వైరము వలదు, తానెంత గౌరవము పొందినవాడైనను తోడివారి పొందు చెడగొట్టుకొనరాదు.

ఏనుగుతో వైరము వలదని ఎవడైనను చెప్పును. దోమ మాట చెప్పుటలోనే లోకజ్ఞత ఉన్నది. ప్రధానోపాధ్యాయునికి వంగి నమస్కరించి, జీతపు బిల్లు వ్రాయు గుమాస్తాను, గంట కొట్టు బంట్రోతును కసరుకొనువాని పేరు పాఠశాలలో ఎట్లు మాసిపోవునో అందఱకును తెలిసినదే.

ఇది ముఖస్తుతి పాఠము కాదు. ఈ నియమములన్నియు తన్ను తాను అదుపులో ఉంచుకొనుటకే గాని, ఎదుటివానిని మోసగించుటకు కావు. చిన్న పనియైనను ప్రభువునకు తెలిపి చేయవలెనని సంస్కృత మూలమున ధౌమ్యుడు చెప్పినాడు. మన మొదటి ఉపాధ్యాయుని ప్రశ్నకు ఇదియే జవాబు. చేసిన పనిని ఉన్నదున్నట్లు తెలుపుట గొప్పలు చెప్పుకొనుట కాదు. అదియు పనిలో ఒక భాగమే. మఱియు నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు ఆవులను, భీముడు వంటసాలను, అర్జునుడు నాట్యమును చేపట్టిరి. పేర్లు మార్చుకొనిరి గాని, రాని విద్య వచ్చునని ఒక్కరును చెప్పుకొనలేదు.

అయితే ఈ మెలకువకు ఒక హద్దు ఉన్నది. దానిని చూపునది ఉత్తర గోగ్రహణ కథ. బృహన్నల సారథియై వెళ్ళి కౌరవసేనను ఓడించి గోవులను మరల్చెను. ఆ గెలుపు తన కొడుకుదేనని విరాటుడు ఉప్పొంగిపోవుచు కంకునితో జూదమాడుచుండెను. బృహన్నల సారథిగా నుండగా గెలుచుట వింతయా యని కంకుడు పలికెను. రాజు కోపించి చేతిలోని పాచికతో అతని మొగమున కొట్టెను. నెత్తురు చిందెను. అడుగనిదే పలుకరాదన్న నీతిని ఆ ఘడియలో పాటించినచో ధర్మరాజునకు ఆ దెబ్బ తప్పియుండెడిది. తన ఘనతను ఏడాది పొడుగున మఱుగుపఱచుకొనిన ఆ మహనీయుడు, ఒరుల శ్రమ మఱుగున పడుచుండగా మాత్రము ఊరకుండలేకపోయెను.

ఉత్తరుని నడవడి ఇంతకంటె ముచ్చటయైనది. అంతఃపుర స్త్రీల నడుమ బీరములు పలికి, శత్రుసేనను చూచి పాఱిపోజూచిన బాలుడతడు. గెలుపు నీదేయని చెప్పుకొనుమని అర్జునుడే అనుమతించెను. ఊరంతయు జేజేలు పలుకుచుండెను. ఒక్క అబద్ధముతో మహావీరుడని పేరు పొందవచ్చును. కాని సభలో అతడు, గెలిచినది తాను కాదనియు, ఒక దేవకుమారుడనియు తండ్రితో చెప్పెను. కంకుని క్షమాపణ వేడుమని తండ్రిని హెచ్చరించెను. బీరములవలన రాని గౌరవము, తనది కాని కీర్తిని విడిచిన ఆ క్షణమున పాఠకుల మనస్సులో అతనికి లభించినది.

పాఠశాలలలోను ఇట్టి సభలు జరుగుచునే యుండును. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు రాత్రులు కూర్చుండి విద్యార్థులచేత విజ్ఞాన ప్రదర్శనము సిద్ధము చేయించును; తనిఖీకి వచ్చిన అధికారి ముందువరుసలో నిలిచిన వేఱొకని భుజము తట్టును. ఆ భుజము గలవాడు "ఇది నాది కాదు, అతనిది" అనినచో ఆనాటి మెప్పు కొంత తగ్గవచ్చును. కంకునికి వలె దెబ్బయే తగిలినను తగులవచ్చును. కాని మఱునాటి నుండి ఉపాధ్యాయుల గదిలో అతని మాటకు కలుగు విలువ ఏ ఉత్తరువుతోను వచ్చునది కాదు.

తన పనిని గూర్చి మితముగా పలుకుట మర్యాద. తోడివాని పనిని గూర్చి పలుకవలసినచోట మౌనము వహించుట మర్యాద కాదు. ఈ రెంటి నడుమ గల గీతను గుర్తించినవాడే కొలువులో మెలకువ గలవాడు.