సర్వసులభ ప్రచురణమునకు వ్యాససమర్పణము

పండితుఁడు పలుసంవత్సరములు శ్రమించి వ్రాసిన వ్యాసము వెలహెచ్చైన పత్రికయందుఁ జిక్కువడి, దానిఁ జదువఁదగిన బడిపండితునికే దొరకకుండుట విద్యాలోకమున నెన్నఁడో యేర్పడిన కొఱత. దీనిఁ దీర్చుటకే ఓపెన్ యాక్సెస్ అను పేరఁ బరఁగు సర్వసులభ ప్రచురణము పుట్టినది. 2002 వ సంవత్సరము ఫిబ్రవరి 14 వ తేదిని వెలువడిన బుడాపెస్టు ప్రకటనము దీని లక్షణమును నిర్వచించినది. తదనుసారముగా రచనను అంతర్జాలమున నెల్లరును వెలయీయకయే చదువవచ్చును, ప్రతులు తీసికొనవచ్చును, పంచవచ్చును. రచన చెడకుండఁ గాపాడుకొను నధికారమును, తన పేరు తగురీతి స్మరింపఁబడు హక్కును గ్రంథకర్తకు నిలిచియుండును.

చదువరి వెల యీయనిచో వ్యయము నెవ్వరు భరింతురు? దీనికి మూఁడు మార్గములు గలవు. కొన్ని పత్రికలు అంగీకృతమైన వ్యాసమునకు రచయితయొద్దనో, యాతని విద్యాలయమునొద్దనో రుసుము గొనును. కొన్నింటిని గ్రంథాలయములు చందాలతోఁ బోషించును. 2015 లో లండనునందలి బర్క్‌బెక్ కళాశాల యాశ్రయమున నారంభమైన ఓపెన్ లైబ్రరీ ఆఫ్ హ్యుమానిటీస్ ఇట్టిది. మూఁడవది, రచయితయే తన ప్రతిని భాండాగారమున నుంచుట. 1991 లో భౌతికశాస్త్రజ్ఞుఁడగు పాల్ గిన్స్‌పార్గు నెలకొల్పిన ఆర్కైవ్ దీనికిఁ బ్రసిద్ధోదాహరణము.

వ్యాసమును బంపువాఁడు తొలుత నా పత్రిక నియమములఁ జదువవలెను. పరీక్షకులు రచయిత నెఱుఁగరాదను కట్టుబాటున్నచోఁ బేరును, స్వగ్రంథప్రస్తావములును దొలఁగింపవలయును. ఒకే పేరుగలవా రనేకు లుండుట సహజము గావున, 2012 నుండి ఓర్సిడ్ సంస్థ కోరిన రచయితకు వెలలేకయే 16 స్థానములు గల గుర్తుసంఖ్య నొసఁగుచున్నది. ఒక వ్యాసము నేకకాలమున నొక్క పత్రికకే పంపవలెను. పరీక్షకుల యాక్షేపణములకుఁ బ్రత్యేకముగా సమాధానము వ్రాయవలెను. అంగీకరింపని చోటఁ గారణముఁ జూపినఁ జాలును.

పిదప వచ్చునది యనుమతిపత్రము. క్రియేటివ్ కామన్స్ అనుమతులలో మిగుల విశాలమైనది, రచయిత పేరు చెప్పినచో నెవరైనను, వర్తకమునకైనను, రచనను వాడుకొననిచ్చును. వర్తకమును, మార్పులను నిషేధించునవియుఁ గలవు. ఇవి తెలియకయే సమ్మతించువాఁడు పిదప వగచును. ఏలయన, ఒకసారి యొసఁగిన యనుమతిని మరల్చుకొన వీలులేదు.

తెలుఁగు వ్యాసములకు మఱియొక జాగ్రత్త వలయును. పాత ఫాంటులతో వ్రాసిన ప్రతి కంటికిఁ దెలుఁగుగాఁ దోఁచినను యంత్రమునకు రోమను చిహ్నముల గుంపే, వెదకినను దొరకదు. యూనికోడునందు అరసున్నకును, బండిఱకును వేఱువేఱు సంకేతములు గలవు గావునఁ బ్రాచీనపాఠముల నుదాహరించువారు వాని విడువ నక్కఱలేదు.

కడపట నొక యపాయము. పరీక్షయే లేక, రుసుము గొని యేదైనను బ్రకటించు కూటపత్రికలు నేఁడు పెక్కులు గలవు. కొలఁది దినములలో నంగీకారమని యాసగొల్పు లేఖలే వాని తొలి గుర్తు. అందుఁ బ్రకటితమైన వ్యాసమును మంచి పత్రిక మరల స్వీకరింపదు; పోయిన ధనముకంటె నదియే గొప్ప నష్టము. కాఁబట్టి, 2003 లో స్వీడనునందలి లుండ్ విశ్వవిద్యాలయమునఁ బుట్టిన సర్వసులభపత్రికల సూచియందుఁ బత్రిక పేరున్నదో లేదో చూచి, సంపాదకవర్గమువారు శాస్త్రమెఱిఁగినవా రగుదురో కారో విచారించి మఱి పంపుట శ్రేయము. వెల లేకుండుట చదువరికొఱకే కాని, పరీక్ష లేకుండుటకుఁ గాదు.